క్యాన్సర్ రోగుల రైలు రాయితీ: కొన్నేళ్లు వాడాక నా అభిప్రాయం

రొమ్ము క్యాన్సర్ అని తేలినప్పటి నుంచి రాజమహేంద్రవరం, హైదరాబాద్‌ల మధ్య తిరుగుతూనే ఉన్నాను. అప్పుడు కీమో, రేడియేషన్. ఇప్పుడు చెకప్‌లు. ఈ రాకపోకలకు దన్నుగా నిలిచింది రైల్వే రాయితీ. దీనికి ఆదాయ పరిమితి లేదు, తెల్ల కార్డు అడగరు. జబ్బు మనిషికి ఇంత సూటిగా అందే సాయం నేను మరొకటి చూడలేదు.

స్లీపర్, థర్డ్ ఏసీల్లో రోగికి నూరు శాతం రాయితీ, తోడు వచ్చేవారికి 75 శాతం. ఫస్ట్ ఏసీ, సెకండ్ ఏసీల్లో ఇద్దరికీ 50 శాతమే. అందుకే నేను థర్డ్ ఏసీ దాటి ఆలోచించను. నా దృష్టిలో అసలు మేలు నా టికెట్టు కాదు, తోడు టికెట్టు. కీమో ఎక్కించుకుని వెనక్కి వచ్చే రాత్రి వాంతులతో లేవలేకపోతుంటే మంచినీళ్లు పట్టడానికి, బాత్రూం దాకా నడిపించడానికి మా వారు పక్కన ఉండాల్సిందే. 2020 మార్చిలో వృద్ధుల రాయితీతో సహా చాలావాటిని ఆపేసినప్పుడు ఇదీ పోతుందని హడలిపోయాం. రోగులకిచ్చేవి మాత్రం కొనసాగించారు.

ఇక ఇబ్బందులు. ప్రతి ప్రయాణానికీ ఆసుపత్రి ఇచ్చే ధ్రువపత్రం కావాలి. అందులో పేరు, వయసు, ఏ స్టేషన్ నుంచి ఏ స్టేషన్‌కు అన్న వివరాలు, డాక్టరు సంతకం, ఆసుపత్రి ముద్ర ఉండాలి. సంతకం ఒక గదిలో, ముద్ర ఇంకో గదిలో. నీరసంగా ఉన్న మనిషిని అలా తిప్పడం అన్యాయం. ఇప్పుడు డాక్టరు గదిలోకి వెళ్లేటప్పుడే ఫారం నింపి పట్టుకెళ్తాను, పరీక్ష పూర్తికాగానే సంతకానికి ముందు పెడతాను. ఒక జిరాక్స్ కాపీ ప్రయాణంలో దగ్గర ఉంచుకుంటాను. టికెట్టు ఎప్పుడూ కౌంటర్‌లోనే తీసుకున్నాం. తెల్ల రక్తకణాలు పడిపోయిన రోజుల్లో నేను గుంపులో నిలబడకూడదు కాబట్టి ఫారం ఇచ్చి మా అబ్బాయిని పంపేదాన్ని.

నాకు నిజంగా బాధ కలిగించే నియమం తత్కాల్‌ది. తత్కాల్ కోటాలో ఈ రాయితీ వర్తించదు. మామూలు చెకప్ తేదీ ముందే తెలుస్తుంది, రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుచుకుంటుంది కనుక చిక్కు లేదు. కానీ స్కాన్‌లో ఏదో తేడా ఉంది, వెంటనే రమ్మని ఫోను వస్తే? సాధారణ కోటాలో వెయిటింగ్ లిస్టు తప్ప ఏమీ మిగలదు. అలాంటి ఒక ప్రయాణంలో ఇద్దరికీ పూర్తి తత్కాల్ చార్జీ కట్టి వెళ్లాం. గుండె దడతో బయలుదేరే ఆ ప్రయాణానికే రాయితీ లేకపోవడం ఏ విధంగానూ సమంజసం కాదు. డాక్టరు తేదీ వేసి రాసిచ్చినప్పుడైనా రోగికి తత్కాల్‌లో వర్తింపజేయాలి. పెళ్లిళ్లకూ యాత్రలకూ రాయితీ లేదంటే మాత్రం నాకు అభ్యంతరం లేదు, అది చికిత్స కోసం ఇచ్చినదే.

చికిత్స ముగిసింది కదా, ఇక మనకు రాదనుకుని పూర్తి చార్జీ కడుతున్నవాళ్లు ఆసుపత్రి వరండాలో చాలామందే కనిపించారు. నియమంలో చికిత్సతో పాటు నిర్ణీత కాలానికి చేయించుకునే పరీక్షలు కూడా ఉన్నాయి. వచ్చే చెకప్‌కు ఫారం అడిగి తీసుకోండి.