ఎముక సిమెంటు: కలిపిన మందు మేలా, గొలుసుకు కట్టిన మందు మేలా?

కీలు మార్పిడిలో కృత్రిమ కీలును ఎముకలో నిలిపేందుకు వాడే సిమెంటు గట్టిగానూ ఉండాలి, ఇన్ఫెక్షన్‌నూ ఆపాలి. అందుకు యాంటీబయాటిక్ కలపడం మేలా, వెండి నానో రేణువులు మేలా, లేక సూక్ష్మజీవులను చంపే రసాయనాన్ని సిమెంటులోని పాలిమర్ గొలుసుకే కట్టివేయడం మేలా అని పీజీ విద్యార్థులు తరచూ అడుగుతుంటారు. నా మటుకు నాకు దీన్ని తేల్చేది మందు ఘాటు కాదు, ఆ మందు వెళ్లిపోయాక మిగిలే రంధ్రం.

జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్ కలిపిన సిమెంటు ఫలితాలను బుఖోల్జ్, ఎంగెల్‌బ్రెక్ట్ అనే వైద్యులు 1970లో జర్మనీ నుంచి వెల్లడించారు. గట్టిపడేటప్పుడు పుట్టే వేడికి చెడకుండా నీటిలో తేలిగ్గా కరిగే మందు కనుకనే అది నిలబడింది. అయితే పైపొరలోనిదీ, ఒకదానికొకటి కలిసిన రంధ్రాల పక్కనున్నదీ మొదటి కొద్దిరోజుల్లోనే ఒక్కసారిగా బయటపడుతుంది; మిగిలినదంతా లోపలే బందీ. మందు ఎక్కువ రావాలంటే రంధ్రాలు పెరగాలి, రంధ్రాలు పెరిగితే బీటలకు అక్కడే పునాది పడుతుంది. 40 గ్రాముల సిమెంటు పొడికి 4.5 గ్రాములకు మించి జెంటామైసిన్ కలిపితే నలుగుడు బలం (నొక్కితే తట్టుకునే బలం) ప్రమాణమైన 70 మెగాపాస్కళ్ల కంటే దిగువకు పోతుందని పాత ప్రయోగాలే చూపాయి. పైగా ఆ అంకె ఒక్కసారి నొక్కి చూసినది. నడిచే మనిషి కాలిలోని సిమెంటు మీద ఏడాదికి సుమారు పది లక్షల సార్లు భారం పడుతుంది. తుంటి కీలు మార్పిడికి ఆద్యుడైన చార్న్‌లీ నాటి నుంచీ ఈ సిమెంటు జిగురు కాదు, సందు నింపే గచ్చు మాత్రమే కనుక, పగిలితే లోహపు కాడ కదలక మానదు.

ఆపరేషన్ థియేటర్‌లో చేత్తో వాంకోమైసిన్ అనే యాంటీబయాటిక్ పొడి కలిపేవారు ఒక్కసారి గట్టిపడిన ముక్కను విరిచి చూడాలి. ఉండలు చిదపకుండా సిమెంటు ద్రవం పోసి ఉంటే, విరిగిన ముఖం మీద తెల్లటి చుక్కలు కంటికే కనిపిస్తాయి. ద్రవరూప యాంటీబయాటిక్ సంగతి చెప్పనే అక్కర్లేదు, నీరు సిమెంటును బలహీనపరుస్తుంది.

వెండి రేణువులు చాలా రకాల బాక్టీరియాను చంపుతాయి, కానీ మోతాదు పెరిగితే ఎముక కణాలనూ వదలవు.

గొలుసుకు కట్టే రసాయనం, అంటే క్వాటర్నరీ అమోనియం మోనోమర్‌ది వేరే దారి. అది గొలుసులో భాగమైపోతుంది కాబట్టి కరిగిపోదు, ఖాళీని మిగల్చదు. తాకిన సూక్ష్మజీవినే చంపగలగడం, రక్తంలోని ప్రొటీన్లు పైన పొరకడితే పని మందగించడం, మోతాదు ఎక్కువైతే సిమెంటు నీరు పీల్చి మెత్తబడడం దాని లోపాలు. అందుకే చీము పట్టిన కీలును శుభ్రం చేసి, తాత్కాలికంగా పెట్టే స్పేసర్‌లో నేను దండిగా యాంటీబయాటిక్ కలిపిన సిమెంటునే కోరతాను; కొన్ని వారాలకో నెలలకో తీసేసేదానికి ఆయుష్షు చూడనక్కర్లేదు. మొదటిసారి కీలు మార్పిడికి ఇప్పటికి కర్మాగారంలోనే కలిపిన తక్కువ మోతాదు రకం చాలు. ఇరవయ్యేళ్లు నిలవాల్సిన సిమెంటును కొత్తగా తయారు చేసేవారైతే మాత్రం గొలుసుకు కట్టే దారినే పట్టాలంటాను. 37 డిగ్రీల ఉప్పునీటిలో నెలల తరబడి నానబెట్టి, ఆ తడి ముక్క మీదనే పదేపదే భారం వేసి చూపితే నమ్ముతాను. పొడి ముక్కను ఒక్కసారి నలిపి తెచ్చిన అంకెతో నాకు పని లేదు.