వారియర్స్, కింగ్స్ సొంత మైదానాల్లో: కాలిఫోర్నియాలో బాస్కెట్‌బాల్ చూడదలచిన అనంతపురం వారికి

అనంతపురం నుంచి కాలిఫోర్నియాకు పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులు సాధారణంగా గోల్డెన్ గేట్ వంతెన, లివర్‌మోర్ శివవిష్ణు ఆలయం చూసి, నాలుగు దుకాణాలు తిరిగి వస్తారు. కళాశాలలో ఫిజికల్ డైరెక్టరుగా పనిచేసి పదవీ విరమణ చేసిన నాకు మాత్రం ఆ ప్రాంతమంటే ముందుగా గుర్తుకొచ్చేది బాస్కెట్‌బాల్. గోల్డెన్ స్టేట్ వారియర్స్ శాన్‌ఫ్రాన్సిస్కోలోనూ, కింగ్స్ అక్కడికి దాదాపు 140 కిలోమీటర్ల దూరంలోని శాక్రమెంటోలోనూ ఆడతాయి. మా అబ్బాయి ఆ దగ్గరలోని ఫ్రీమాంట్‌లో ఉండడం వల్ల 2023 చివరిలో నేనూ నా భార్యా వెళ్లినప్పుడు రెండు జట్ల ఆటలనూ వాటి సొంత మైదానాల్లోనే చూడగలిగాము. ఆర్ట్స్ కళాశాల మైదానంలో ఉదయపు నడకకు వచ్చే మిత్రులు టిక్కెట్ల గురించి, బస గురించి, మోకాళ్ల నొప్పులున్నవారు ఆ మెట్లు ఎక్కగలరా అన్న దాని గురించి తరచుగా అడుగుతున్నారు కనుక ఇది రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు చూసుకోవలసినది నెల. ఈ రెండు జట్లూ ఆడే అమెరికా వృత్తి బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో ఒక్కో జట్టు ఆడే 82 లీగ్ ఆటల్లో 41 సొంత ఊరిలో జరుగుతాయి. అవి అక్టోబరు చివరి వారాల్లో మొదలై ఏప్రిల్ నడుమ ముగుస్తాయి. మన ఎండలు తప్పించుకోవడానికి మే నెలలో విమానమెక్కేవారికి ప్లేఆఫ్ ఆటలు (లీగ్ ముగిశాక ముందున్న జట్ల మధ్య జరిగేవి) మాత్రమే మిగులుతాయి, అవీ జట్టు అర్హత సాధిస్తేనే, పైగా టిక్కెట్ల ధరలు చాలా ఎక్కువగా ఉంటాయి. అందువల్ల ఈ ఆటలు చూడాలన్న కోరిక గట్టిగా ఉన్నవారు దసరా, దీపావళి తరువాత ప్రయాణం పెట్టుకోవడం మేలు.

వారియర్స్ ఆడే చేజ్ సెంటర్ 2019లో ప్రారంభమైంది. 18,064 మంది కూర్చునే ఈ భవనం సముద్రపు పాయకు దగ్గరగా, మిషన్ బే అనే చోట ఉంది. మేము ఫ్రీమాంట్‌లో ఊళ్లను కలిపే బార్ట్ రైలెక్కి పావెల్ స్టేషన్‌లో దిగి, అక్కడి నుంచి భూగర్భంలోనే నడిచి టీ మార్గంలో నడిచే మ్యూనీ అనే నగర రైలు అందుకున్నాము. ఆ రైలు చేజ్ సెంటర్ ఎదుటే ఆగుతుంది. ఆట టిక్కెట్టు ఉన్నవారికి ఆ రోజు మ్యూనీలో వేరే ఛార్జీ లేకపోవడం మెచ్చుకోదగిన ఏర్పాటు. కారులో వెళితే పార్కింగుకు చెల్లించేది టిక్కెట్టు ధరతో పోటీ పడుతుంది కనుక రైలే ఉత్తమం. ఒక్క సంగతి మరువకూడదు: ఆట సాయంత్రం ఏడు ప్రాంతంలో మొదలై సుమారు రెండున్నర గంటలు సాగుతుంది, బార్ట్ రైళ్లు అర్ధరాత్రికి ఆగిపోతాయి. బయట గాలి కోసేస్తుంది. మన ఊరి డిసెంబరు చలికి సరిపోయే శాలువా అక్కడ చాలదు.

టిక్కెట్లన్నీ ఫోనులోనే ఉంటాయి. ప్రత్యర్థి ఎవరన్నదాన్ని బట్టి, వారాన్ని బట్టి ధర మారుతుంది. లాస్ ఏంజెలెస్ జట్టు లేకర్స్ వచ్చే శనివారం ఆటకూ, పేరు పెద్దగా వినబడని జట్టుతో మంగళవారం జరిగే ఆటకూ పొంతనే ఉండదు. ఆటగాళ్ల పేరును కాక ఆటను చూడదలచినవారు మంగళ, బుధవారాలను ఎంచుకుని, పై అంతస్తులో కోర్టు పొడవు వైపు మధ్యభాగపు సీట్లు తీసుకుంటే పదిమంది కదలికలూ ఒకేసారి కనబడతాయి. బుట్ట వెనుక సీట్లు ధర తగ్గినా నేను సిఫారసు చేయను. అవతలి సగంలో జరిగేదంతా తెర మీదే చూడవలసి వస్తుంది. పై అంతస్తు మెట్లు నిటారుగా ఉన్నాయి. నా భార్య మోకాళ్ల బాధ గమనించిన ఒక సహాయకురాలు మమ్మల్ని లిఫ్టు దాకా తీసుకువెళ్లి, మెట్లు తక్కువగా దిగవలసిన ద్వారం చూపించింది. అడిగితే ఇటువంటి సాయం రెండు ఊళ్లలోనూ దొరికింది, కాబట్టి మొహమాటపడకుండా అడగాలి.

చేజ్ సెంటర్‌కు వెళ్లేవారు తలుపులు తెరిచే వేళకే లోపల ఉండాలని నేను పట్టుబట్టి చెబుతాను. కారణం వారియర్స్ ఆటగాడు స్టెఫెన్ కర్రీ సన్నాహక సాధన. మొదట బుట్టకు బాగా దగ్గరగా నిలబడి ఒంటిచేత్తో బంతిని వదులుతాడు, ఒక్కో అడుగూ వెనక్కి జరుగుతూ రెండో చేతిని ఆసరాగా తెచ్చుకుంటాడు, చివరకు 7.24 మీటర్ల దూరంలోని మూడు పాయింట్ల గీతను కూడా దాటి కోర్టు మధ్య గుర్తు దాకా వెళతాడు. బంతి చేతిని విడిచాక మణికట్టు వంగిన తీరు, దగ్గరి షాటులోనైనా దూరపు షాటులోనైనా అదే. దూరం పెరిగినకొద్దీ బలం మోకాళ్ల నుంచి వస్తుందే తప్ప భుజం నుంచి రాదు. అనంతపురం సిమెంటు కోర్టుల మీద నేను ఏళ్ల తరబడి పిల్లలకు చెప్పిన పాఠం ఇదే. వాళ్లు గురిపెట్టే రింగూ, కర్రీ గురిపెట్టే రింగూ నేల నుంచి 3.05 మీటర్ల ఎత్తులోనే ఉంటాయి. ఆ సాధన చూసినందుకే టిక్కెట్టు డబ్బులు గిట్టుబాటయ్యాయని నా నమ్మకం.

ఆట మొదలయ్యాక ఆ భవనం మీద నాకు కొంత అసంతృప్తి కలిగింది. కోర్టు పక్కనున్న ఖరీదైన వరుసల్లో చాలామంది విరామం ముగిసి మూడో క్వార్టర్ (ఆటలోని నాలుగు భాగాల్లో మూడోది) సగం గడిచినా తిరిగి రాలేదు. మా పక్కన కూర్చున్న పెద్దాయన ఓక్లాండ్ వాసి. వారియర్స్ 1971 నుంచి 2019 దాకా ఎక్కువగా ఆడింది ఓక్లాండ్‌లోనే. 2015, 2017, 2018 విజేతలూ అక్కడి జట్టే. ఆ రోజుల్లో ఏటా సీజన్ టిక్కెట్టు కొనేవాడినని, ఇప్పుడు తన కూతురు బహుమతిగా ఇస్తే వచ్చానని ఆయన చెప్పాడు. తిరుగు ప్రయాణంలో కొలిజియం స్టేషన్ దాటుతున్నప్పుడు ఆ పాత మైదానం రైలు కిటికీలోంచి కనబడుతుంది. స్టేషన్ నుంచి నేరుగా నడక వంతెన ఉన్న ఆ చోటు సామాన్య ప్రేక్షకుడికి ఎంత వీలుగా ఉండేదో చూడగానే అర్థమైంది.

బస విషయానికి వస్తే, శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక రాత్రి ఉండడం మాకు ఖర్చు తప్ప సుఖం ఇవ్వలేదు. యూనియన్ స్క్వేర్ దగ్గర మేము దిగిన హోటలులో గది ఇరుకు, ఉదయం అల్పాహారం లేదు, బుక్ చేసినప్పుడు కనబడని అదనపు రుసుము బిల్లులో వచ్చింది. పిల్లల ఇల్లు రైలు దూరంలో ఉన్నవారు రాత్రికి ఇంటికి తిరిగి వెళ్లడమే మంచిది.

శాక్రమెంటో అనుభవం పూర్తిగా వేరు. ఫ్రీమాంట్ నుంచి క్యాపిటల్ కారిడార్ రైలులో వెళ్లాము. రిచ్‌మండ్ దాటాక మార్టినెజ్ వరకు రైలు నీటి అంచునే నడుస్తుంది కనుక, వెళ్లేటప్పుడు ఎడమవైపు కిటికీ దగ్గర కూర్చోవాలి. మైదానంలోకి బయటి తిండి రానివ్వరు, లోపల శాకాహారులకు పిజ్జా, వేయించిన బంగాళదుంపలు మించి పెద్దగా దొరకవు. కాబట్టి కోడలు కట్టిచ్చిన చపాతీలు, వేరుశనగ పొడి, పెరుగన్నం రైలులోనే తిన్నాము. శాక్రమెంటో స్టేషన్ నుంచి కింగ్స్ ఆడే గోల్డెన్ వన్ సెంటర్‌కు నడిచే వెళ్లవచ్చు. మా హోటలు కూడా నడక దూరంలోనే దొరికింది. గది విశాలం, సిబ్బంది మర్యాదస్తులు, ధర శాన్‌ఫ్రాన్సిస్కో కంటే బాగా తక్కువ. గదిలోని వేడి యంత్రం రాత్రంతా మోత పెట్టడం ఒక్కటే లోపం. మరునాడు ఉదయం ఓల్డ్ శాక్రమెంటోలోని రైల్వే మ్యూజియం, రాష్ట్ర శాసనసభ భవనం తీరిగ్గా చూసి బయలుదేరాము.

2016లో తెరిచిన గోల్డెన్ వన్ సెంటర్‌కు విమానాల షెడ్లకుండే తలుపుల వంటి భారీ తలుపులున్నాయి. వాతావరణం అనుకూలించినప్పుడు వాటిని ఎత్తి బయటి గాలిని లోపలికి రానిస్తారు. అయితే నన్ను కట్టిపడేసింది ప్రేక్షకులు. కింగ్స్ జట్టును సియాటిల్ నగరానికి తరలించే ప్రయత్నం 2013లో జరిగింది. ఊరి జనం, నగర పాలకులు గట్టిగా నిలబడగా, లీగ్‌లోని ఇతర యజమానులు తరలింపును తిరస్కరించారు. అప్పుడు జట్టును కొన్న బృందానికి నాయకుడు ముంబైలో పుట్టిన వివేక్ రణదివే. 2019లో భారతదేశంలో జరిగిన తొలి ఎన్‌బీఏ ఆటల్లో ముంబైలో ఇండియానా పేసర్స్‌తో తలపడింది కూడా కింగ్స్ జట్టే. వరుసగా 16 సీజన్లు ప్లేఆఫ్‌కు చేరకపోయినా ఆ ఊరివాళ్లు జట్టును వదులుకోలేదు. 2023లో చేరినప్పుడు తొలి రౌండులోనే వారియర్స్ చేతిలో ఓడారు. ఆ రౌండులో ఇరుజట్ల మధ్య చివరిదైన ఏడో ఆటలో కర్రీ ఒక్కడే 50 పాయింట్లు చేశాడు. మా వరుసలో ఉన్న కుటుంబం ఆ ఆటను నిన్న జరిగినట్టు చెప్పుకుంటోంది.

లేకర్స్ శిక్షకుడిగా ఉన్న కాలంలో ఫిల్ జాక్సన్ శాక్రమెంటోను పశువుల ఊరని ఎద్దేవా చేస్తే, అభిమానులు పశువుల మెడగంటలనే తెచ్చి మోగించడం మొదలుపెట్టారు. ఆ గంటలు ఇప్పటికీ మోగుతున్నాయి. 2024 సెప్టెంబరులో మన అనంతపురం ఆర్డీటీ మైదానంలో దులీప్ ట్రోఫీ క్రికెట్ జరిగినప్పుడు పల్లెల నుంచి వచ్చిన జనంలో చూసిన ఉత్సాహం నాకు అమెరికాలో చేజ్ సెంటర్‌లో కాదు, శాక్రమెంటోలోనే కనిపించింది. ఆటపరంగా నేను కింగ్స్ ఆటగాడు డొమాంటస్ సబోనిస్‌నే చూస్తూ కూర్చున్నాను. బంతి రింగుకు తగలకముందే ప్రత్యర్థికి వీపు ఆనించి, తుంటితో చోటు సంపాదించి, ఎక్కువ ఎగరకుండానే రీబౌండు (గురి తప్పి తిరిగివచ్చే బంతి) తీసుకుంటాడు. మన పిల్లల్లో పొడగరులు నేర్చుకోవలసిన విద్య అది. జట్టు గెలిచాక భవనం పైనుంచి ఊదారంగు కాంతిపుంజం ఆకాశంలోకి వెలిగిస్తారు. చలిని లెక్కచేయక జనమంతా బయట నిలబడి దానికోసం కేకలు పెట్టారు. నా భార్య కూడా వాళ్లతో గొంతు కలిపింది.

కాబట్టి ఒక్క ఆటకే వీలుంటే, కర్రీని చూసి తీరాలన్న పట్టుదల లేనివారికి శాక్రమెంటోనే చెబుతాను. పట్టుదల ఉన్నవారు ఆయన ఆడుతున్నంత కాలంలోనే చేజ్ సెంటర్‌కు వెళ్లాలి. ఆ రోజు గాయం జాబితాలో ఆయన పేరు లేదని చూసుకుని, చివరి క్షణంలో టిక్కెట్టు కొనడం సురక్షితం.

వేసవిలోనే వెళ్లగలిగేవారు నిరాశపడనవసరం లేదు. 2025లో మహిళల జట్టు గోల్డెన్ స్టేట్ వాల్కిరీస్ అదే చేజ్ సెంటర్‌లో ఆడడం ప్రారంభించింది. వారి సీజన్ మే నుంచి సెప్టెంబరు వరకు. ఆ వేసవిలో మేము మళ్లీ వెళ్లి ఆ ఆట చూశాము. తొలి సీజన్‌లో సొంత ఆటలన్నిటికీ సీట్లు పూర్తిగా నిండడమే కాక, జట్టు ప్లేఆఫ్‌కు కూడా చేరింది. విరామం తరువాత ఖాళీ వరుసలు నాకు కనబడలేదు. చిన్న పిల్లలను వెంటబెట్టుకు వచ్చిన తల్లులు అన్ని వైపులా ఉన్నారు. పది నిమిషాల క్వార్టర్లు నాలుగే కనుక ఆట త్వరగా ముగిసి, రైలుకు పరుగెత్తే పని ఉండదు. వెంట ఆటలు ఆడే మనవరాలు ఉంటే వారియర్స్ కంటే ముందు ఈ జట్టు టిక్కెట్లే కొనండి. ఇక్కడ మాత్రం పై అంతస్తు కాకుండా, వీలైనంత కిందికి కూర్చోబెట్టి, రక్షణలో వాళ్ల పాదాలు ఎలా కదులుతాయో దగ్గరగా చూపించండి.