కుళాయికి బిగించే ప్రెషర్ గేజ్: కొత్త ఫ్లాట్ల పుణ్యమా అని కొన్నాను

మా వెనక కొత్త ఫ్లాట్లలోకి జనం దిగిన దగ్గర్నుంచి పొద్దున ఆరున్నరకి కుళాయి తిప్పితే నీళ్లు దారంలా వస్తున్నాయి. నీళ్ల ఆఫీసుకి ఫోన్ చేస్తే 'లైన్‌లో ప్రెషర్ బాగానే ఉందండీ' అన్నారు. ఎవరి మాట నిజమో తేల్చుకుందామని ఈ గేజ్ తెప్పించాను.

బిగించడం తేలికే, టెఫ్లాన్ టేపు రెండు చుట్లు చుట్టి చేత్తో తిప్పితే చాలు. కాకపోతే మెయిన్ లైను నుంచి నేరుగా వచ్చే కుళాయికే బిగించాలి. నేను మొదటిరోజు తెలివిగా వంటింటి కుళాయికి పెట్టి, మా మేడ మీది ట్యాంకు ఎత్తు కొలుచుకుని మురిసిపోయాను!

డయలు 0 నుంచి 10 బార్ దాకా ఉంది. 1 బార్ అంటే నీళ్లు దాదాపు 10 మీటర్లు ఎక్కే బలం. మా బతుకు రెండుకి కాస్త అటూ ఇటూగానో, అంతకన్నా కిందో కాబట్టి ముల్లు ఓ మూలే కదులుతుంది, 4 దాకా ఉన్నది తీసుకోవాల్సింది. ఇంకో ఎర్ర ముల్లు కూడా ఉంది, అది ఎక్కువలో ఎక్కువ ఎంత వచ్చిందో పట్టి ఉంచుతుందట. నాకు కావాల్సింది తక్కువలో తక్కువ ఎంతకి పడిపోయిందన్నది, దానికోసం పొద్దున్నే లేచి కాపలా కాయాల్సిందే.

వారం రోజులు రాసిపెట్టాను. అర్ధరాత్రి 2.1, పొద్దున 0.6. అంటే ఊరి ట్యాంకులో నీళ్లు లేకకాదు, అందరూ ఒకేసారి వాడుతుంటే పాత పైపు మోయలేకపోతోంది. పైపులో పారే నీళ్లు రెట్టింపైతే రాపిడికి పోయే ప్రెషర్ ఇంచుమించు నాలుగు రెట్లవుతుంది, అందుకే కొన్ని ఇళ్లు పెరిగినా దెబ్బ గట్టిగా తగులుతుంది. పక్కింట్లోనూ కొలిచాను, అక్కడా అంతే, కాబట్టి లోపం మా ఇంటి పైపుది కాదని కూడా తేలిపోయింది.

లైన్‌కే మోటారు పెట్టేయమని సలహా ఇచ్చినవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి. పక్కవాళ్ల నీళ్లు లాగేయడం ఒకటైతే, లైన్‌లో ప్రెషర్ మరీ పడిపోతే పగుళ్లలోంచి బయటి మురికి లోపలికి వచ్చేస్తుంది.

ఆ కాగితం తీసుకెళ్లి ఫ్లాట్ల కమిటీవాళ్లకి చూపించాను. వాళ్ల సంపు వాల్వు రోజంతా తెరిచే ఉంటోందట, పాపం వాళ్లకీ తెలీదు. ఇప్పుడు రాత్రి పదకొండు తర్వాతే నింపుకుంటున్నారు. ఈరోజు పొద్దున చూస్తే 1.2.

ఐదుకి నాలుగు స్టార్లు. ఆ ఎర్ర ముల్లుకి ఒకటి కోత.