ఎడమవైపు చూడటం నేర్పిన ఆట: 14 నెలలు వాడాక

స్ట్రోక్ వచ్చాక కాళ్ళూ చేతులూ బాగానే ఉన్నాయి గానీ చూపులో ఎడమ సగం పోయింది. ఎడమ కన్ను పోయిందా అని అందరూ అడుగుతారు. రెండు కళ్ళలోనూ ఎడమ సగమే పోయింది. ఎడమవైపు దృశ్యాన్ని చూసుకునేది మెదడులో కుడి వెనక భాగం. రక్తం అందక దెబ్బతిన్నది అదే. పేపర్లో 'విశాఖపట్నం' అని ఉంటే నాకు 'పట్నం' అనే కనిపించేది. ఎడమ చేతి పక్కన పెట్టిన టీ గ్లాసు ఎన్నిసార్లు ఒలికిందో!

ఫిజియోథెరపిస్ట్ చెబితే, చూపు కదలికతో ఆడే ఈ ఆటల సిస్టమ్ అద్దెకు తెచ్చుకున్నాం. లాప్‌టాప్, దాని స్క్రీన్ కింద స్కేలంత పట్టీ. కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ వెలుతురు కళ్ళ మీద వేసి, చూపు ఎటు పోతుందో సెకనుకు 60 సార్లు పట్టుకుంటుంది. ఆటలు చిన్నపిల్లల ఆటల్లాగే ఉంటాయి: చేపల గుంపులో ఎర్రచేపను వెతకడం, మూలల్లో వెలిగే దీపాలను చూపుతోనే ఆర్పడం. సరదాకి కాక ఏదైనా నేర్పడానికి చేసిన ఇలాంటి ఆటల్ని సీరియస్ గేమ్స్ అంటారట.

మొదటివారం ఆట అయ్యాక నా చూపు నడిచిన దారిని స్క్రీన్ మీద గీసి చూపించింది. కుడివైపంతా దారపు ఉండలా చిక్కుపడ్డ గీతలు. ఎడమ మూడో వంతులో ఒక్క గీత లేదు. నేను మొత్తం చూశాననే ఒట్టేసి చెప్పేవాణ్ణి! ఇంట్లోవాళ్ళు వందసార్లు "ఎడమ చూడండి" అన్నా ఎక్కనిది, ఆ బొమ్మతో ఎక్కింది. అద్దె డబ్బులు దానికే ఇచ్చాననుకుంటాను. లండన్ యూనివర్సిటీ కాలేజీ వాళ్ళ ఐ-సెర్చ్ అని ఇలాంటి వాళ్ళకే ఇంటర్నెట్‌లో ఇంకో శిక్షణ ఉంది, అందులో మౌస్ క్లిక్కులతో వెతకాలి. చూపు దారి కళ్ళకు కట్టడం మాత్రం ఈ పట్టీ వల్లే.

లోపాలూ ఉన్నాయి. దూరానికీ దగ్గరికీ ఒకటే అయిన ప్రోగ్రెసివ్ కళ్ళద్దాల మీద మెరుపు పడితే చూపు పట్టుకోదు. విడిగా చదువుకునే అద్దాలు చేయించుకోవాల్సి వచ్చింది. మధ్యాహ్నం కిటికీలోంచి ఎండ పడినా అంతే, కర్టెన్ వేసి కాలిబ్రేషన్, అంటే పట్టీని మన కళ్ళకు సరిచూసుకోవడం, మళ్ళీ చెయ్యాలి. సూచనలన్నీ ఇంగ్లీషులోనే. నాలాంటి వాళ్ళకు ఫర్వాలేదు, మా పక్కింటి పెద్దాయనకైతే ఎలా? స్కోరును కూడా పూర్తిగా నమ్మకండి. రెండు నెలల్లో చేపలు వచ్చే చోట్లు కంఠతా వచ్చేసి నా మార్కులు పెరిగాయి. లెవెల్ మార్చగానే సగానికి పడ్డాయి.

ఒక మాట గట్టిగా చెప్పాలి. అద్దెకిచ్చినవాళ్ళు పోయిన చూపు తిరిగి వస్తుందన్నారు. అలా చెప్పకూడదు. ఏడాది తర్వాత చేయించిన ఫీల్డ్ టెస్ట్‌లో (చూపు ఎంతమేర ఉందో కొలిచే పరీక్ష) ఎడమ సగం అప్పటిలాగే నల్లగా ఉంది. తనంతట తాను కోలుకునేది చాలావరకు మొదటి మూడు నెలల్లోనే అని డాక్టరుగారు చెప్పారు. ఆట నేర్పింది కనపడని వైపుకి కన్ను ముందే పరిగెత్తడం.

దాని తేడా విశాఖలో పాత గాజువాక దగ్గర రోడ్డు దాటేటప్పుడు తెలిసింది. మన రోడ్ల మీద డివైడర్ వరకు బళ్ళు కుడినుంచి వస్తాయి, నాకు ఇబ్బంది లేదు. డివైడర్ దాటాకే ఎడమనుంచి. ఏడాదిపాటు అక్కడ మా ఆవిడ నా మోచెయ్యి పట్టుకునేది. మొన్న డివైడర్ మీద ఆగి, ఎడమ చివరిదాకా చూపు తిప్పి, "ఆటో వస్తోంది, ఆగు" అని ముందు నేనే అన్నాను. ఆవిడ చెయ్యి తీయలేదు గానీ, పట్టు వదులైంది.