ఒకే కొలత, రెండు చోట్లు: బన్సీలాల్‌పేట, కొల్లూరు డబుల్ బెడ్‌రూమ్ ఇళ్లపై సమీక్ష

తెలంగాణ ప్రభుత్వం పేదలకు కట్టించిన హైదరాబాద్ డబుల్ బెడ్‌రూమ్ ఇళ్ల గురించి మాట్లాడేవారు సాధారణంగా ఎన్ని కట్టారు, ఎన్ని పంచారు అన్న లెక్క దగ్గరే ఆగిపోతారు. ఆ ఇల్లు అందులో కాపురం చేయబోయే మనిషికి ఏ మేరకు పనికివస్తుందో చూద్దామని, ఒకే పథకం కింద వచ్చిన రెండు కాలనీలను తీసుకున్నాను. ఒకటి సికింద్రాబాద్ నడిబొడ్డున బన్సీలాల్‌పేటలోని ఐడీహెచ్ కాలనీ. రెండవది ఔటర్ రింగ్ రోడ్డు పక్కన, సంగారెడ్డి జిల్లాలోని కొల్లూరు.

గోడల లోపలి వరకు రెండింటికీ పెద్ద తేడా లేదు. 560 చదరపు అడుగుల్లో రెండు పడకగదులు, హాలు, వంటగది, రెండు మరుగుదొడ్లు ఉంటాయి. లబ్ధిదారు పైసా పెట్టనక్కరలేదు. ఇల్లు ఇల్లాలి పేరున ఇవ్వడం, అది వారసులకు దక్కాలే తప్ప అమ్ముకోకూడదన్న నిబంధన పెట్టడం నాకు బాగా నచ్చాయి.

2015 నవంబరులో ప్రారంభమైన ఐడీహెచ్ కాలనీలో 396 ఇళ్లున్నాయి. శిథిలమైన పాత ఇళ్లను కూల్చి, అదే నేలపై మూడంతస్తుల బ్లాకులు కట్టి, అక్కడివారికే ఇచ్చారు. గాంధీ ఆసుపత్రి దగ్గర, మోండా మార్కెట్ దూరం కాదు. పిల్లల బడి మారనవసరం లేదు, ఉద్దెర ఇచ్చే కిరాణా కొట్టు మారనవసరం లేదు. పాత పొరుగే కొత్త పొరుగయింది, ఇది ఏ ప్లానులోనూ గీయలేని సౌకర్యం.

2023 జూన్‌లో ప్రారంభమైన కొల్లూరు స్థాయి వేరు: 117 బ్లాకులు, 15,660 ఇళ్లు, సుమారు 1,489 కోట్ల రూపాయల ఖర్చు. అంటే ఇంటికి సగటున తొమ్మిదిన్నర లక్షలు. లిఫ్టులు, వెడల్పైన రోడ్లు, మురుగునీటి శుద్ధి కేంద్రం ఉన్నాయి. కట్టడంగా చూస్తే తీసిపారేయదగినది కాదు. చిక్కంతా దూరంతోనే వస్తుంది. బన్సీలాల్‌పేట పక్కనున్న పద్మారావునగర్‌లో నాలుగిళ్లలో పనిచేసే మనిషికి ఇళ్ల కేటాయింపు లాటరీలో ఇక్కడ ఇల్లు వచ్చిందనుకుందాం. ఆమె పని రెండు పూటలది. మధ్యాహ్నం ఇంటికి వెళ్లి వండుకుని, పిల్లలను చూసుకుని, సాయంత్రం మళ్లీ రావాలి. దాదాపు 30 కిలోమీటర్ల దూరాన ఉంటే ఆ మధ్యాహ్నం ఇక ఉండదు. 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు టికెట్ లేదు కాబట్టి చార్జీ మిగులుతుందే కానీ, పోయిన గంటలు తిరిగిరావు. కొల్లూరుకు దగ్గరి తెల్లాపూర్, నల్లగండ్ల గేటెడ్ కమ్యూనిటీలలో కొత్త పని దొరకవచ్చు, ఆ మాట కాదనను. కానీ ఏళ్ల తరబడి కుదిరిన నమ్మకాన్ని అక్కడ మొదటినుంచి సంపాదించుకోవాలి.

నగరం మధ్యలో భూమి ఎక్కడిదని అడుగుతారు. 2023 ఆగస్టు వేలంలో నగరం పడమటి అంచునున్న కోకాపేట ప్రభుత్వ భూమి ఎకరా 100 కోట్లు దాటింది కనుక ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. అయితే ఐడీహెచ్ కాలనీకి కొత్త భూమి కొననే లేదు; పేదలు అప్పటికే నివసిస్తున్న నేలే సరిపోయింది. నాకు అర్థం కానిది మరొకటి ఉంది. భూమి అపురూపమైన బన్సీలాల్‌పేటలో మూడంతస్తులతో ఆపి, ఊరి చివర కొల్లూరులో తొమ్మిది నుంచి పదకొండు అంతస్తుల దాకా లేపారు. పై అంతస్తులు నిలవాలంటే లిఫ్టులు నడవాలి, లిఫ్టులు నడవాలంటే నెలనెలా డబ్బు కావాలి. ఆ భారం మోయడానికి చేతినిండా పని దగ్గరలో ఉండాలి. నగరం మధ్యలో మరో రెండంతస్తులు వేసి ఉంటే ఆ చుట్టుపక్కల అద్దెకుండే మరికొన్ని కుటుంబాలకు చోటు దొరికేది.

కట్టడం పరంగా రెండింటికీ అయిదులో నాలుగు మార్కులు వేస్తాను. చోటుకు బన్సీలాల్‌పేటకు అయిదూ ఇస్తాను, కొల్లూరుకు రెండు. కొల్లూరులో ఇల్లు వచ్చినవారు సామాను కట్టేముందు ఒక పని దినాన తెల్లవారుజామున అక్కడినుంచి బస్సెక్కి, తాము పనిచేసే చోటికి ఎన్నింటికి చేరతారో చూసుకోవాలి.