బిస్మార్క్ దారి, బెవరిడ్జ్ దారి

సంక్షేమ పథకాలన్నీ పైకి ఒకలాగే కనిపిస్తాయి. డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది, హక్కు ఎవరికి ఉంటుంది అని అడిగితే తేడా బయటపడుతుంది.

జర్మనీలో ఛాన్సలర్ (ప్రభుత్వాధినేత) బిస్మార్క్ ప్రభుత్వం 1883లో ఆరోగ్య బీమా, 1884లో ప్రమాద బీమా, 1889లో వృద్ధాప్య పింఛను చట్టాలు తెచ్చింది. కార్మికుల మీద ప్రేమ కన్నా సోషలిస్టులు బలపడతారన్న భయమే ఇందులో ఎక్కువ. ఈ పద్ధతిలో హక్కు ఉద్యోగంతో వస్తుంది. ఆరోగ్య బీమాకూ పింఛనుకూ కార్మికుడు, యజమాని ఇద్దరూ చందా కడతారు. ఎక్కువ కట్టినవాడికి ఎక్కువ పింఛను. నేను కట్టిన డబ్బే కదా అన్న ధీమా ఉంటుంది కాబట్టి, ఏ ప్రభుత్వమైనా కోత పెట్టడానికి జంకుతుంది. స్థిరమైన ఉద్యోగం లేనివాళ్లే ఇబ్బంది పడతారు. కూలి పనులు మారుతూ బతికేవాళ్లు, ఇంటిచాకిరీలోనే జీవితం గడిచిపోయే ఆడవాళ్లు ఇందులోంచి సులభంగా జారిపోతారు.

బ్రిటన్‌లో ఆర్థికవేత్త విలియం బెవరిడ్జ్ 1942లో ఇచ్చిన నివేదిక అందరినీ ఒకే గొడుగు కిందకు తేవాలంది. 1948లో మొదలైన జాతీయ ఆరోగ్య సేవకు ప్రధానంగా పన్నులే ఆధారం. ఉద్యోగం ఉందా లేదా అని ఎవరూ అడగరు. (నగదు సాయానికి మాత్రం బెవరిడ్జ్ కూడా చందానే సూచించాడు. అందరికీ ఒకే చందా, ఒకే సాయం.) బడ్జెట్ బిగిస్తే వైద్యం కోసం క్యూలు పెరగడం ఈ ఆరోగ్య సేవ బలహీనత.

వైద్యానికైతే నా ఓటు రెండోదానికే. జబ్బు జీతం చూసి రాదు. పింఛను విషయంలో మొదటిదే గట్టిగా నిలుస్తుందనిపిస్తుంది, అడుగున పన్నులతో నడిచే కనీస పింఛను ఒకటి ఉంటే.