కేక్ మిక్స్ ప్యాకెట్: కేకు కన్నా బార్లకే మేలు

విజయవాడలో ఏ సూపర్‌మార్కెట్‌కు వెళ్లినా కస్టర్డ్ పౌడరు, జెల్లీ ప్యాకెట్ల పక్కన కేక్ మిక్స్ డబ్బాలు వరుసగా కనిపిస్తాయి. ఏళ్ల తరబడి వాటిని వాడిన మీదట నాకు స్థిరపడిన అభిప్రాయం ఏమిటంటే, డబ్బా మీద బొమ్మలో కనిపించే ఆ కేకు కోసమే అయితే దాన్ని కొనడం దండగ. అదే పొడిని వెన్నతో ముద్దగా కలిపి, టిన్నులో పరచి కాల్చి, చల్లారాక ముక్కలుగా కోసుకునే బార్లకు వాడితే మాత్రం పెట్టిన డబ్బు గిట్టుబాటవుతుంది. ఇది ఏ ఒక్క కంపెనీ సరుకు మీద తీర్పు కాదు. గుడ్డు వేయవలసినవి, గుడ్డు అక్కరలేనివి, వెనీలా, చాక్లెట్, అమెరికా నుంచి బంధువులు తెచ్చిన పెద్ద డబ్బాలు అన్నీ మా వంటింట్లో వాడినవే కనుక, వాటన్నిటికీ ఉమ్మడిగా ఉన్న గుణదోషాలనే రాస్తున్నాను.

ప్యాకెట్ వెనుక రాసి ఉండే పదార్థాల పట్టికను చదివితే సగం సంగతి అక్కడే తేలిపోతుంది. ఆ పట్టికలో ఎక్కువ బరువున్న పదార్థాన్ని ముందు రాయాలనేది నియమం. కేక్ మిక్స్‌లలో మొదటి రెండు పేర్లూ పంచదార, మైదాలవే అయి ఉంటాయి, అందులోనూ చాలా వాటిలో పంచదారదే మొదటి స్థానం. దానికి పొంగించే పొడి, కొంత నూనె లేదా కొవ్వు, నీరూ నూనే విడిపోకుండా పట్టి ఉంచే ఎమల్సిఫయర్లు, సువాసన తోడవుతాయి. మైదాకు సమానంగానో అంతకు మించో పంచదార ఉన్న ఈ మిశ్రమం, డబ్బా మీద చెప్పినట్టు నీళ్లు పోసి జారుగా కలిపినప్పుడు మెత్తగా పొంగుతుంది గానీ, ఆ మెత్తదనంలో పట్టు ఉండదు. మర్నాటికి పొడిపొడిగా రాలుతుంది. నీళ్లు మానేసి, కరిగించిన వెన్న, కొద్దిగా గుడ్డు మాత్రమే చేర్చినప్పుడు కథ మారుతుంది. తడి చాలనందువల్ల పంచదార పూర్తిగా కరగదు, పిండిలోని గంజి పూర్తిగా ఉడకదు, పొంగించే పొడికి పనిచేసే వీలు తక్కువ. ఫలితంగా పైన పలుచని పగుళ్ల పొర, లోపల సాగుడు గుణం, అంచుల్లో బిస్కెట్ లాంటి కరకర వస్తాయి. కేకులో లోపమైన అధిక పంచదారే బార్లకు బలమవుతుందన్నమాట.

కొలతల విషయంలో మాత్రం మనవాళ్లు జాగ్రత్తపడాలి. ఈ బార్ల వంటకాలన్నీ అమెరికా వంటిళ్లలో పుట్టినవి, అక్కడ కొలత ఒక్కటే: ఒక డబ్బా. ఆ డబ్బా ఒకప్పుడు 18.25 ఔన్సులు, అంటే సుమారు 517 గ్రాములు ఉండేది. తరువాత 15.25 ఔన్సులకు, అంటే 432 గ్రాములకు తగ్గింది. ఇప్పుడు కొన్ని రకాలు 13.25 ఔన్సులే, అంటే 375 గ్రాములే వస్తున్నాయి. వంటకంలో రాసిన అర కప్పు వెన్న, అంటే 113 గ్రాములు, ఒక గుడ్డు మాత్రం మారలేదు. 517 గ్రాముల పొడికి 113 గ్రాముల వెన్న కలిపితే వచ్చే ముద్ద వేరు, 375 గ్రాముల పొడికి అంతే వెన్న కలిపితే వచ్చే జిడ్డు ముద్ద వేరు. అందుకే నేను డబ్బాల లెక్కను వదిలేసి తూకానికి వచ్చాను. 100 గ్రాముల పొడికి 26 గ్రాముల వెన్న, 12 గ్రాముల గిలకొట్టిన గుడ్డు. ఈ నిష్పత్తి 432 గ్రాముల డబ్బా కాలం నాటి వంటకానిది, నా అనుభవంలో అన్నిటికన్నా నికరమైనది. ఇక్కడ దొరికే ప్యాకెట్లు ఒక్కో కంపెనీవి ఒక్కో బరువులో ఉంటాయి గనుక వంటింటి తూకం లేనివారికి ఈ బార్లు ఒకసారి కుదిరి ఒకసారి కుదరకపోవడంలో ఆశ్చర్యం లేదు.

టిన్ను సంగతి కూడా ఇలాంటిదే. అమెరికా వంటకాల్లో చెప్పే 9 అంగుళాల వెడల్పు, 13 అంగుళాల పొడవు ఉన్న పళ్లెం మన ఇళ్లలోని చిన్న ఓటీజీల్లో, అంటే బల్ల మీద పెట్టుకునే కరెంటు ఓవెన్లలో పట్టదు, పట్టినా గోడలకు తగిలి గాలి ఆడదు. 8 అంగుళాల చదరపు టిన్ను వైశాల్యం దానిలో సగం కన్నా కాస్త ఎక్కువ. 230 గ్రాముల పొడికి 60 గ్రాముల వెన్న, రెండు పెద్ద చెంచాలకు కొంచెం తక్కువగా గిలకొట్టిన గుడ్డు వేస్తే ఆ టిన్నుకు సరిపోతుంది. మిగిలిన గుడ్డును ఆమ్లెట్‌లో కలుపుకోవచ్చు. ప్యాకెట్‌లో సగమే వాడదలచినవారు ముందుగా పొడినంతా ఒక గిన్నెలో పోసి బాగా కలియబెట్టి, తరువాత తూయాలి; లేకపోతే రవాణాలో పదార్థాలు విడివడి, ఒక సగం తీపిగా, ఒక సగం చప్పగా వచ్చే ప్రమాదం ఉంది.

గుడ్డు గురించి మన వైపు ఎప్పుడూ ఒక చర్చ ఉంటుంది. డబ్బా కేకు కథ మొదలైనప్పటి నుంచీ ఆ చర్చ ఉన్నదే. పిట్స్‌బర్గ్‌లో మొలాసిస్, అంటే చెరకు మడ్డి వ్యాపారం చేసే డఫ్ కంపెనీ 1930లలో ఎండబెట్టిన గుడ్డు పొడితో సహా అన్నీ కలిపిన మిశ్రమానికి పేటెంటు పొంది, రెండేళ్లకే తాజా గుడ్డును గృహిణే స్వయంగా కలుపుకునే మిశ్రమానికి మరో పేటెంటు తీసుకుంది. మా సత్యనారాయణపురంలో గుడ్డు వంటింటి గడప దాటి లోపలికి రాని ఇళ్లు చాలానే ఉన్నాయి, వాళ్లకు ఆకుపచ్చ చుక్క ఉన్న ఎగ్‌లెస్ ప్యాకెట్లే గతి. వాటితో బార్లు చేయడం సాధ్యమే గానీ, గుడ్డు చేసే పని, అంటే ముద్దను పట్టి ఉంచడం, ఇంకొకటి చేయాలి. పెరుగు వేస్తే దాని పులుపు పొడిలోని వంటసోడాతో కలిసి పొంగు ఎక్కువై, బారు కాస్తా కేకు అయిపోతుంది. గట్టి కండెన్స్‌డ్ మిల్క్ అయితే 100 గ్రాముల పొడికి ఒక పెద్ద చెంచా చాలు, సాగుడు గుణం గుడ్డుతో చేసినదానికి తీసిపోదు. కాకపోతే అసలే తీపి ఎక్కువైన పొడికి మరింత తీపి తోడవుతుంది కనుక, ఆ పూట వేరే ఏదైనా పులుపు గానీ చేదు గానీ తప్పనిసరి.

వెన్న బదులు నెయ్యి వాడవచ్చా అని ఇరుగుపొరుగు అడుగుతూనే ఉంటారు. ఇంట్లో కాచిన కమ్మని నెయ్యి ఉండగా కొట్లో వెన్న ఎందుకు కొనాలన్నది న్యాయమైన ప్రశ్నే. వెన్నలో దాదాపు 16 శాతం దాకా నీరు ఉంటుంది. నెయ్యిలో అది ఉండదు. ఆ కొద్దిపాటి నీరే పొడిని ముద్ద చేసేది. అందుకే వెన్నంత బరువు నెయ్యి వేస్తే ముద్ద కట్టక, ఇసుకలా రాలి, కాల్చాక నోట్లో కరిగే నాన్‌ఖటాయిలా తయారవుతుంది. అది రుచిలో బాగుంటుంది గానీ కోస్తే నలిగిపోతుంది. వెన్న 60 గ్రాములు వేయవలసిన చోట నెయ్యి 50 గ్రాములు, కాచి చల్లార్చిన పాలు రెండు చిన్న చెంచాలు వేస్తే నేతి రుచి, ముద్ద పట్టు రెండూ దక్కుతాయి. ఉప్పు ఉన్న వెన్న వాడినవారు విడిగా ఉప్పు వేయనక్కరలేదు. నెయ్యి వాడినవారు చిటికెడు తప్పక వేయాలి, ఎందుకంటే ఈ పొడి తీపిని అదుపులో పెట్టే మొదటి వస్తువు ఉప్పే.

కాల్చే పద్ధతి గురించి ఎక్కువ చెప్పను. 175 డిగ్రీలు, 22 నుంచి 25 నిమిషాలు, టిన్ను అడుగున, రెండు వైపులా పైకి వచ్చేలా బటర్ పేపరు. చిన్న ఓటీజీలో పై రాడ్డు దగ్గరగా ఉంటుంది గనుక మొదటి 15 నిమిషాలు కింది రాడ్డు మాత్రమే, తరువాత రెండూ. పుల్ల గుచ్చి చూసే అలవాటును మాత్రం ఇక్కడ కొంచెం మార్చుకోవాలి: పుల్ల శుభ్రంగా బయటికి వచ్చిందంటే బారు అప్పటికే ఎండిపోయిందన్న మాట. పుల్లకు తడి రవ్వ అంటుకుని రావాలి, జారుడు పిండి రాకూడదు, అంచులు గోధుమరంగు తిరిగి టిన్ను గోడను వదలాలి, నడిమి భాగం ఉబ్బి, బయటికి తీసిన కొద్ది నిమిషాలకు మెల్లగా కిందికి దిగాలి. ఆ దిగడాన్ని చూసి చెడిపోయిందని మళ్లీ లోపల పెట్టేవారిని చూశాను. అది దిగకపోతేనే అనుమానించాలి. కుక్కర్‌లో చేసే పద్ధతి కేకుకు పరవాలేదు గానీ బార్లకు పనికిరాదు. కింది నుంచి తప్ప పై నుంచి వేడి రాదు, మూత కింద ఆవిరి నిలిచి పైపొర పాలిపోయి జిగటగా ఉండిపోతుంది. కాలని ముద్దను పిల్లలు వేళ్లతో నాకకుండా చూడాలి, పచ్చి గుడ్డు సంగతి అందరికీ తెలిసిందే గానీ పచ్చి మైదా కూడా తినదగినది కాదు.

ఇక అసలు ఫిర్యాదు: తీపి, దానితోపాటు ఘాటైన కృత్రిమ వెనీలా వాసన. వెనీలా ప్యాకెట్ తెరవగానే వంటిల్లంతా ఐస్‌క్రీమ్ బండి పక్కన నిలబడ్డట్టు ఉంటుంది. దీన్ని తగ్గించే మార్గం పొడిలో లేదు, మనం చేర్చే వస్తువులోనే ఉంది. ఈ విషయంలో మన ప్రాంతానికి ఉన్న భాగ్యం అమెరికా వంటకాలకు లేదు. నా మొదటి ఎంపిక మామిడి తాండ్ర. పుల్లగా ఉండే రకాన్ని చూసి, వేలి గోరంత ముక్కలుగా కోసి, వెనీలా ముద్దలో కలిపితే, పొయ్యి వేడికి ఆ ముక్కల అంచులు కరిగి చుట్టూ ఉన్న పిండిలోకి పాకుతాయి, నడిమి భాగం మాత్రం పళ్ల కింద సాగుతుంది. తాండ్ర ముక్కలు ఒకదానికొకటి అంటుకోకుండా కొద్దిగా కేక్ పొడిలోనే దొర్లించి కలపాలి. వేసవిలో నూజివీడు రసాలు దండిగా దొరుకుతున్నాయి కదా అని తాజా గుజ్జు పోయడం మాత్రం మంచిది కాదు. ఆ నీటితో బారు మళ్లీ కేకు అయి కూర్చుంటుంది. గుజ్జే వేయాలనుకుంటే గరిటె జారనంత చిక్కగా ఇగిర్చి, పైన చారలుగా వేసుకోవాలి.

రెండవది జీడిపప్పు. వేటపాలెం జీడిపప్పులో గుండ్లు కొననక్కరలేదు. బద్దలు, ఇంకా చవకైన నూక కూడా ఇక్కడ చక్కగా పనికొస్తాయి. దోరగా వేయించి వేయాలి, పచ్చివి వేస్తే బారులో మెత్తబడిపోతాయి. వేయించిన నువ్వులు పైన చల్లితే ఆ చిరుచేదు వెనీలా ఘాటును దాదాపు కప్పేస్తుంది. చాక్లెట్ ప్యాకెట్‌కు వేయించిన వేరుశనగ గుళ్లు, ఒక చెంచా చిక్కని ఫిల్టర్ కాఫీ డికాక్షన్ చాలు. గుంటూరు వాళ్లం కదా, చాక్లెట్‌లో మిరపపొడి వేయరా అని మా వదినగారి ఊరివాళ్లు అడుగుతుంటారు. వేసి చూశాను, చిటికెడు అయితే గొంతులో చిన్న వేడి తప్ప నష్టమేమీ లేదు, అంతకు మించి వేయవలసిన అవసరమూ కనిపించలేదు.

పైన క్రీమ్ చీజ్ పొర పోసి చేసే, అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరం పద్ధతి బారు మీద చాలామందికి మోజు ఉంది. క్రీమ్ చీజ్ ఇక్కడ ఖరీదు. దాని బదులు గుడ్డలో కట్టి రాత్రంతా వేలాడదీసిన పెరుగు వాడవచ్చు గానీ, ఉత్త పెరుగు పొయ్యిలో విరిగి నీరు వదులుతుంది, కింది పొర నానిపోతుంది. కప్పు పెరుగుకు ఒక పెద్ద చెంచా కార్న్‌ఫ్లోర్ కలిపితే ఆ ఇబ్బంది ఉండదు. పెరుగు పులుపు కింది పొర తీపిని విరుస్తుంది కనుక, మా ఇంట్లో మాత్రం అసలు దానికన్నా ఇదే ఎక్కువ చెల్లుబాటవుతోంది.

వాతావరణం ఈ వంటకు పెట్టే షరతులు ఏ డబ్బా మీదా రాసి ఉండవు. వెన్న 32 నుంచి 35 డిగ్రీల మధ్య కరిగిపోతుంది. మే నెలలో విజయవాడలో వంటింటి వేడే అంతకు మించి ఉంటుంది. కాబట్టి చలికాలంలో బల్ల మీదే గంటలో గట్టిపడే బారు, వేసవిలో సాయంత్రం దాకా పెట్టినా కత్తికి అంటుకుంటూనే ఉంటుంది. దాన్ని టిన్నుతో సహా ఫ్రిజ్‌లో గంటన్నర పెట్టి, బటర్ పేపరు కొసలు పట్టి ఎత్తి, పెద్ద కత్తిని వేడి నీళ్లలో ముంచి తుడిచి, రంపంలా కోయకుండా ఒక్క నొక్కుతో పై నుంచి కిందికి దించాలి. ప్రతి కోతకూ కత్తిని మళ్లీ తుడవాలి. అప్పుడే తాండ్ర ముక్క, జీడిబద్ద అడ్డంగా తెగి కోతలో కనిపిస్తాయి. చాక్లెట్ చిప్స్ విషయంలో, కోకో వెన్నతో చేసిన మేలురకం చాక్లెట్ కూడా ఈ ఎండకు నిలవదు. వనస్పతి కొవ్వుతో చేసిన కాంపౌండ్ చిప్స్ రుచిలో తక్కువే అయినా వేసవిలో ఆకారం నిలుపుకుంటాయి. హైదరాబాద్ హాస్టల్‌లోని పిల్లలకు బస్సులో పంపేటప్పుడు నేను చాక్లెట్ మానేసి నువ్వులు, జీడిపప్పు బార్లే పంపుతాను. గాలి చొరని డబ్బాలో పొరకూ పొరకూ మధ్య కాగితం వేసి పెడితే నాలుగైదు రోజులు బాగుంటాయి. పెరుగు పొర ఉన్నవాటిని మాత్రం పంపకూడదు, ఫ్రిజ్‌లోనే ఉంచి రెండు రోజుల్లో ముగించాలి.

ధర లెక్క చూస్తే, మైదా, పంచదార, బేకింగ్ పౌడరు విడిగా కొని కలుపుకోవడం ప్యాకెట్ కన్నా ఎప్పుడూ చవకే. వారం వారం చేసేవారికి ప్యాకెట్ అవసరం లేదు. అప్పుడప్పుడు చేసేవారి ఇంట్లో విడిగా కొన్న మైదాకు వానాకాలం వచ్చేసరికి పురుగు పట్టడం, బేకింగ్ పౌడరు డబ్బాలో గడ్డకట్టడం మామూలే కనుక, వారికి ప్యాకెట్టే నయం. తెరిచిన ప్యాకెట్‌లో మిగిలిన పొడిని బిగుతు మూత ఉన్న సీసాలో పోసి ఫ్రిజ్‌లో ఉంచితే సరి. తేమ తగిలి దాని పొంగే శక్తి కొంత తగ్గినా, కేకుకు అది లోపం గానీ బార్లకు కాదు.

కొనేటప్పుడు నేను చూసేవి మూడే: గడువు తేదీ, చుక్క రంగు, పొడి బరువు. లోపల ఐసింగ్ పొట్లం, చాక్లెట్ సిరప్ పొట్లం కూడా ఉన్న డబ్బాలను కొనను, ఎందుకంటే డబ్బా మీద రాసిన బరువులో ఆ పొట్లాల బరువూ కలిసి ఉంటుంది, ఇంటికి వచ్చి తూస్తే బార్లకు పనికొచ్చే పొడి తక్కువ తేలుతుంది.